సమదృష్టి వారి క్యూ

ఎల్బీనగర్ చౌరస్తాకు కూతవేటు దూరంలో, కింద చెప్పుల దుకాణమూ మధ్యలో పెళ్ళిసంబంధాల ఆఫీసూ ఉన్న భవనం మూడో అంతస్తులో వెలసిన సమదృష్టి సొల్యూషన్స్ వారు, సోమవారం ఉదయం తొమ్మిదింపావు నుంచి మనుషులందరినీ సమానంగా చూడబోతున్నామని ప్రకటించారు. తొమ్మిది వరకు రాహుకాలం ఉన్నందున అప్పటిదాకా పాత పద్ధతే కొనసాగుతుందని కూడా విన్నవించారు.

ఈ సంస్థ జలధార డయాలసిస్ కేంద్రాలకు సాఫ్ట్‌వేర్ నడుపుతుంది. రోగి పేరు నమోదు చేసుకునేది ఒక సర్వీసు, వరుస నంబరు ఇచ్చేది 'క్యూ' అనే సర్వీసు, ఖాళీ మిషను కేటాయించేది 'బెడ్' అనే సర్వీసు. ఒక్కోటీ సర్వర్‌లో తాత్కాలికపు గదిలాంటి ఒక్కో కంటైనర్‌లో కాపురముంటుంది. కంటైనర్లకు నిలకడ తక్కువ. దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దెకుండేవాళ్ళు కనీసం పదకొండు నెలల అగ్రిమెంటుకైనా కట్టుబడతారు. ఇవి ఎప్పుడంటే అప్పుడు చచ్చి, మళ్ళీ పుట్టి, కొత్త అడ్రసులో తేలతాయి. ఏ సర్వీసు ఏ రోజు ఎక్కడుందో తిరుపతి అనే సీనియర్ తన జేబు డైరీలో రాసుకుని, మిగతా సర్వీసులకు చేత్తో ఎక్కించేవాడు. ఆయన సూర్యాపేటలో పెళ్ళికి వెళ్ళిన రెండు రోజులూ మూడు వందల మంది రోగుల దరఖాస్తులు, అంతకు ముందే చనిపోయిన ఒక కంటైనర్‌కు క్షేమంగా చేరాయి.

ఈ అవస్థను తొలగించడానికి స్వప్నను ఉద్యోగంలోకి తీసుకున్నారు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ఆరు నెలలు కూర్చుని ఆమె నేర్చుకున్న విద్య సూటిగా ఉంటుంది. ఎవరూ ఎవరి అడ్రసూ దాచుకోనక్కరలేదు. కంటైనర్లన్నీ ఉండే క్లస్టర్‌లో డీఎన్ఎస్ అని ఒక విచారణ కౌంటరు ఉంటుంది. 'క్యూ ఎక్కడ?' అని అడిగితే అది ఆ క్షణాన ఉన్న అడ్రసు చెబుతుంది. అడిగింది ఎవరైనా సరే, జవాబు ఒకటే.

స్వప్నకు ఈ పనిలో సొంత ఆశ కూడా ఉంది. తండ్రి అంతయ్య హయత్‌నగర్ డిపోలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. రెండు కిడ్నీలూ పోయాయి. ఇల్లు గడ్డిఅన్నారంలో, పది నిమిషాల్లో ఎల్బీనగర్ జలధార కేంద్రం. అక్కడ ఖాళీ లేదని వారానికి మూడుసార్లు ఊరికి ఆ చివరనున్న పటాన్‌చెరు కేంద్రానికి రెండు బస్సులు మారి పోతున్నాడు. పోయిన నెల తిరిగి వస్తూ దిల్‌సుఖ్‌నగర్ స్టాపులో పడిపోయాడు. అప్పటినుంచి ఫోన్ మోగితే చాలు, స్వప్న నాయన నంబరేనా అని చూస్తోంది. అయినా ఆమె ఎవరినీ బతిమాలలేదు. కొత్త పద్ధతి వస్తే నాయన వంతు దానంతటదే వస్తుందని నమ్మింది. ఇది కోచింగ్ సెంటర్‌లో చెప్పిన పాఠం కాదు, ఆమె సొంతంగా నేర్చుకున్న అమాయకత్వం.

బెడ్ దగ్గరికి క్యూ ద్వారా తప్ప ఎవరూ పోకుండా ఆమె దారులన్నీ మూసింది. శుక్రవారం పరీక్షించి చూస్తే చెప్పినట్టే పనిచేసింది. చిక్కంతా అక్కడే మొదలైంది.

సోమవారం ప్రారంభోత్సవం వైభవంగా జరిగింది. సర్వర్లు ముంబైలో ఉన్నందున వైఫై డబ్బాకు దండ వేశారు. ఎండీ రాజశేఖర్‌గారు ప్రసంగిస్తూ, "పేదా గొప్పా తేడా మనుషులకే గాని మెషీన్లకు లేదండీ. ఈ రోజు నుంచి మన సంస్థ కూడా మెషీన్‌లాగే ఆలోచిస్తుంది!" అన్నారు. వైఫై డబ్బా వేడెక్కేదాకా చప్పట్లు కొట్టారు.

పది గంటలకు మొదటి ఫిర్యాదు వచ్చింది. ఒక వార్డు పెద్దగారి మనిషికి యాభై రెండో నంబరు చూపిస్తోందట, సర్వర్ పాడైందా అని. మధ్యాహ్నానికి అలాంటివి పదిహేడు అయ్యాయి. ఫిర్యాదుల పుస్తకంలో 'సమస్య' అన్న గడిలో పదిహేడుసార్లు ఒకటే మాట రాశారు: వరుసలో నిలబెట్టింది.

రాజశేఖర్‌గారు స్వప్నను పిలిచారు.

"చూడమ్మా, నీ పని బ్రహ్మాండంగా ఉంది. పెద్దవాళ్ళకు మాత్రం ఒక్కో ప్రత్యేకమైన పేరు పెట్టేయ్. వాళ్ళ మనిషి ఆ పేరుతో వస్తే క్యూకు తగలకుండా తిన్నగా బెడ్‌కు పోవాలి."

"అట్లయితే క్యూ ఎందుకు సార్?"

"ఎవరూ లేనివాళ్ళు ఉంటారు కదమ్మా, వాళ్ళ కోసం."

స్వప్న డీఎన్ఎస్ ఫైలు తెరిచి మొదటి అడ్డదారి లైను రాసింది. ఆ సాయంత్రానికి అలాంటి లైన్లు నాలుగయ్యాయి. తిరుపతి పోగొట్టుకున్న వైభవం తిరిగి వచ్చింది. డైరీలో అడ్రసులు కొట్టేసి, ఏ రోగి ఎవరి మనిషో రాసుకోవడం మొదలుపెట్టాడు.

"నువ్వు ఊకె పరేషాన్ అయితున్నవ్ చెల్లె," అన్నాడు ఓదార్పుగా. "సిస్టం మారింది గని మన పద్ధతి మంచిగనే ఉన్నది."

మూడు వారాల్లో లైన్లు ముప్పై ఎనిమిదయ్యాయి. కాలనీ సంక్షేమ సంఘం అధ్యక్షుడికొకటి, ఆయన్ను పడగొట్టాలని చూస్తున్న కార్యదర్శికొకటి, ఎండీగారి శ్రీమతికి యోగా నేర్పే ఆవిడకొకటి, లిఫ్టు బాగుచేసే అతనికొకటి. అతన్ని కాదంటే మూడో అంతస్తు ఎక్కేదెవరు? ఎల్బీనగర్ కేంద్రంలో పన్నెండు మిషన్లు. ఏ మిషను ఎవరికో ప్రతి ఆదివారం కొత్తగా కేటాయిస్తారు. ముప్పై ఎనిమిది మంది పెద్దల మనుషులూ నేరుగా మీదపడేసరికి తొక్కిసలాట తప్పలేదు. అందుకని సిఫారసులకు వేరే క్యూ పెట్టారు. అందులో కూడా వార్డు పెద్దగారి మనిషికి యాభై రెండే వచ్చింది. చివరికి ఫైలులో ఎవరి లైను పైన ఉంటే వారికి ముందు అన్న నియమం చేసి, పెళ్ళిపత్రికలో పెద్దల పేర్లు వేసినంత జాగ్రత్తగా పైకీ కిందకీ మార్చసాగారు.

అసలు క్యూ మాత్రం ప్రశాంతంగా ఉంది. అందులోని వాళ్ళంతా తలా ఒక పెద్దమనిషిని వెతుక్కుని వెళ్ళిపోయారు. అంతయ్య మిగిలాడు. సిఫారసు లైన్లన్నీ తీరాక మిగిలితేనే క్యూకు మిషను, ఏ ఆదివారమూ మిగల్లేదు. రోజూ పొద్దున్నే ఆయనకు మెసేజీ వచ్చేది: 'మీరు వరుసలో మొదటివారు. దయచేసి వేచి ఉండండి.' దాన్ని బస్సులోనూ వీధిలోనూ ఎదురైన వాళ్ళకు చూపించి, "ఫస్ట్ నంబర్ నాదే. ఇగ ఇయ్యాల్నో రేపో," అనేవాడు. ఇరవై ఆరు రోజులు అలాగే అన్నాడు. మొహం ఉబ్బింది, చెప్పుల్లో పాదాలు పట్టడం లేదు.

ఈలోగా సంస్థకు సామాజిక న్యాయ సాంకేతిక పురస్కారం ప్రకటించారు. నిరీక్షణ జాబితా నాలుగు వందల పన్నెండు నుంచి ఒకటికి దిగిపోయిందని పురస్కార సంఘం వారు అబ్బురపడ్డారు. ఆ ఒకటి కూడా లేకపోతే ప్రశంసాపత్రం మీద సున్నా అని అచ్చు వేయవచ్చని సూచించారు.

"ఆ ఒక్కడెవడో చూసి తీసేయమ్మా," అన్నారు రాజశేఖర్‌గారు.

"ఆయన మా నాయన సార్."

రాజశేఖర్‌గారు నిజంగానే నొచ్చుకున్నారు. "మీ నాన్నగారా! ముందే చెప్పొద్దా? మన ఇంటిమనిషి క్యూలో నిలబడితే బయట మన పరువేం కావాలి? ఒక లైను రాసుకో. పైనే రాసుకో, నేను చూసుకుంటాను."

స్వప్న సీటులో కూర్చుని ఫైలు తెరిచింది. సిగ్గేసింది, ఏడుపొచ్చింది. తండ్రి పాదాలు కూడా గుర్తొచ్చాయి. ముప్పై ఎనిమిది లైన్లకు పైన ముప్పై తొమ్మిదోది రాసింది. ఆదివారం సాయంత్రం అంతయ్యకు ఎల్బీనగర్ మిషను వచ్చింది.

"నా టర్న్ వచ్చిందా బిడ్డా?"

"వచ్చింది నాయనా."

"సూసినవా! ఎవ్వని కాళ్ళు మొక్కకుంట వచ్చింది. ఓపికుండాలె మనిషికి."

ఆమె అవునంది.

అంతయ్య తన విజయాన్ని దాచుకునే రకం కాదు. పటాన్‌చెరు కేంద్రంలో పరిచయమైన వాళ్ళందరికీ ఫోన్లు చేసి మరీ హితబోధ చేశాడు. నెల తిరగకముందే ఖాళీ క్యూలో ఒక పేరు చేరింది. ముత్తమ్మ, హయత్‌నగర్. 'ఎవరి తాలూకు' అన్న గడి ఖాళీ. వారం తర్వాత ఆమె హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే, ఆ రోజు ఆపరేటరు సెలవులో ఉన్నందున కాల్ స్వప్నకు వచ్చింది.

"అంతయ్యన్న చెప్పిండు బిడ్డా, లైన్ల నిలబడితే తప్పక వస్తదని. నాది ఒకటో నంబరని మెసేజీ వస్తున్నది. రెండు బస్సులు మారి పోవాల్నంటె పానం పోతున్నది. ఎన్నొద్దులు పడ్తది?"

స్వప్న ముందు ఫైలు తెరిచే ఉంది. ముత్తమ్మ లైను కింద రాస్తే ఫలితం లేదు. పైన రాస్తే ఆదివారం కేటాయింపులో ముందు ఆమె, తర్వాత అంతయ్య. పన్నెండు మిషన్లలో ఆయన వంతు నిలుస్తుందో జారుతుందో ఎవరూ చెప్పలేరు. ఆమె ఏమీ రాయకుండా ఫైలు మూసేసింది.

"జర ఓపిక పట్టు అమ్మా," అంది స్వప్న. "మా నాయనకు గూడ గట్లనే వచ్చింది."

ఆమె మీద మీకు కోపం రావడం న్యాయమే. కోపం చల్లారాక మీ ఫోన్ తీసి ఒకసారి చూసుకోండి. 'డాక్టర్, మేనమామ దోస్తు', 'కరెంటాఫీసు, బావ క్లాస్‌మేట్', 'స్కూల్ సీటు, పక్కింటి సార్' అని ఎన్ని నంబర్లు దాచుకున్నారో. ముత్తమ్మ ఫోన్‌లో ఉన్నది హెల్ప్‌లైన్ నంబరు ఒక్కటే.