అమ్మ కాళ్లతో ఏ గ్రేడు

కరోనా పిల్లలను పాడు చేసిందనేవాళ్ల నోళ్లకు మళ్లీ మాస్కులు కట్టాలి! పిల్లలను ఒకచోట కుదురుగా కూర్చోబెట్టడం బళ్ల వల్ల కాలేదు, కన్నవాళ్ల వల్ల కాలేదు. లాక్‌డౌన్ వల్ల అయింది. నమ్మకపోతే వరంగల్‌లో స్టీలు సామాన్లమ్మే పాండురంగం ఇంటికి వెళ్లి చూడండి.

అంతకుముందు ఆయన కూతురు రమ్య ఒక పిల్లా? ఖోఖోలో ఎవరికీ చిక్కేది కాదు. ఎప్పుడు చూసినా మోకాళ్లు చెక్కుకుపోయే ఉండేవి. యూనిఫాం ఉతకలేక తల్లి సుగుణ రెక్కలు పడిపోయేవి. పైగా జిల్లా జట్టులో ఆడాలని ఒకటే కల!

అలాంటి పిల్ల, ఆన్‌లైన్ క్లాసులని ఫోన్ చేతికిచ్చారో లేదో, మంచానికి అతుక్కుపోయింది. మోకాళ్లు మానాయి. బట్టలు మాయలేదు. చెప్పులు అరగలేదు. క్లాసు అయ్యాక రీల్స్, రీల్స్ అయ్యాక గేములు. గేములో ఆమె బదులు ఇంకెవడో ఉరుకుతూనే ఉన్నాడు కదా, ఇంకేం కావాలి?

ఆపైన ఆన్‌లైన్ పీటీ! సారు తన ఇంట్లో కుర్చీలో కూర్చుని ఈల ఊదేవాడు. పిల్లలు నిలబడ్డచోటే ఉరకాలి.

"మొఖాలు అక్కర్లేదు. కాళ్లు కనబడితె చాలు, ఫోన్ కింద పెట్టుండ్రి!" అన్నాడాయన.

క్లాసు ఫోన్ కింద పెట్టేసి, నాన్న ఫోన్లో గేమాడుతున్న రమ్య దుప్పట్లోంచే పిలిచింది. "అమ్మా, జర నువ్వు ఉరుకవే! నా గేమ్ మధ్యల ఉంది."

"నాకేం పుట్టిందే గీ వయసుల?" అంటూనే సుగుణ కూతురి ట్రాక్‌ప్యాంటు తొడిగింది. బిడ్డ గ్రేడు కోసం తల్లి ఏం చేయదు? ఎగిరింది, దుంకింది. ఏడాది తిరిగేసరికి కూతురికి పీటీలో ఏ గ్రేడు, తల్లికి షుగర్ అదుపు! ఆ మాటకొస్తే క్లాసంతా ఏ గ్రేడే. తొమ్మిదో తరగతి ఆడపిల్లల కాళ్లకు మెట్టెలేమిటని సారు ఒక్కనాడైనా అడిగాడా? ఎంత సంస్కారం!

బడి తెరిచారు. ఏ గ్రేడు చూసి రమ్యను హనుమకొండలో జిల్లా సెలెక్షన్స్‌కు పంపారు. ఈల మోగింది. రెండో పోల్ ముట్టకముందే డొక్క పట్టుకుని కూలబడింది.

"ఏమైంది బిడ్డా?" అడిగాడు పీటీ సారు.

"కాళ్లు నా మాట వింటలేవు సార్."

ఆ సాయంత్రం రమ్య ఫోన్ ముట్టలేదు. ఏడ్చి ఏడ్చి, "డాడీ, రేపటి సంది పొద్దుగాల్నే గ్రౌండ్‌కు పోత. వచ్చే ఏడు మళ్ల సెలెక్షన్ ఉంటదట," అన్నది.

పాండురంగం పొంగిపోయాడు. మర్నాడు బండి మీద తనే తీసుకెళ్లాడు. చూస్తే బడి గ్రౌండ్‌లో ఖోఖో పోళ్లు లేవు. కాంక్రీటు పిల్లర్లు లేచి ఉన్నాయి. బడి యజమాని రాజేశ్వర్ రావు నవ్వుతూ ఎదురొచ్చాడు.

"డిజిటల్ బ్లాకు సేటూ! రూముకో పెద్ద స్క్రీను."

"మరి పిల్లలు యాడ ఆడుకోవాలె సార్?"

"ఏంది సేటూ గట్లంటవు? గ్రౌండ్ మొఖం చూడకుంటనే అందరికి ఏ గ్రేడులొచ్చె. మీ బిడ్డ అందరికన్న మంచిగ ఉరికిందని సారే చెప్పిండు. ఇంక గ్రౌండ్‌తోని ఏం పని?"

పాండురంగం బండి తాళం తీశాడు. ఏమంటాడు? ఆ కాళ్లు మా ఇంటావిడవి అంటాడా?

తిరిగి బండెక్కాక వెనక నుంచి రమ్య అడిగింది. "మరి నేను యాడ ఉరకాలె డాడీ?"

పాండురంగం జేబులోంచి ఫోన్ తీసి వెనక్కి అందించాడు.