ఎక్కడికని అడగని అచ్చాయమ్మ

హేమశ్రీ ఆ ఉదయం వేసుకున్న ప్రణాళిక చిన్నదే. ఆత్రేయపురంలో వాళ్ళ ఇంటిని ఆనుకుని ఉన్న రవాణా కంపెనీ రేకుల షెడ్డుకి రెండు వ్యాన్లు వస్తాయి. ఒకటి పూతరేకుల పెట్టెలు ఎక్కించుకుని సామర్లకోటలో పెళ్ళివారింటికి వెళ్ళాలి. ఇంకొకటి పొడుగు రబ్బరు బూట్ల పెట్టెలు ఎక్కించుకుని పోలవరంలో చెప్పుల దుకాణానికి వెళ్ళాలి. ఏది ముందు వస్తుందో వాటిని పంపే డిపోవాళ్ళకే తెలియదు. ఈలోగా రాజమండ్రి నుంచి మేనేజరు రమేష్ బాబు వస్తాడు. పని బాగుందనుకుంటే, ఆర్నెల్లుగా తాత్కాలికంగా సాగుతున్న ఆమె ఉద్యోగాన్ని పర్మనెంటు చేస్తూ సంతకం పెడతాడు. లేకపోతే షెడ్డుకి తాళం వేయించి వెళతాడు.

ఆ సంతకం కోసం ఎక్కువ కంగారు పడుతున్నది హేమశ్రీ కాదు, ఆమె మామ్మ అచ్చాయమ్మ. మనవరాలు కాకినాడ వెళ్ళి లాజిస్టిక్స్ చదువుతానన్నప్పుడు వీధిలోవాళ్ళు, "పెట్టెలు ఎక్కించి దించడానికి డిగ్రీ ఎందుకండీ?" అని నవ్వారు. అచ్చాయమ్మ కూడా వాళ్ళతో కలిసి కొంచెం నవ్వింది. ఆ కొంచెం నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకు ఇప్పటికీ తల వంగిపోతుంది.

ఎనిమిదింటికి మేనేజరు నుంచి ఫోను వచ్చింది.

"హేమశ్రీ, నేనేదో కాలవ గట్టు మీదున్నాను. ముందు రోడ్డు లేదు. గేదెలున్నాయి."

"ఎవర్నైనా అడగలేకపోయారా సార్?"

"ఫోన్లో మ్యాపుండగా మనుషుల్ని అడగడమేంటి?"

హేమశ్రీ స్కూటరు తాళం తీసుకుంది. మామ్మను షెడ్డులోకి తీసుకెళ్ళి రెండు వైపులా చూపించింది.

"మామ్మా, ఎడంపక్కవి పూతరేకులు, కుడిపక్కవి బూట్లు. పెట్టెలన్నీ ఒక్కలాగే ఉంటాయి, జాగ్రత్త. వచ్చిన డ్రైవర్ని ఎక్కడికి అని అడుగు. సామర్లకోటంటే ఎడంపక్కవి, పోలవరమంటే కుడిపక్కవి. అబ్బులు ఎక్కిస్తాడు. అడగడం ఒక్కటే నీ పని."

"అడుగుతాలేవే. ఆ మాత్రం చేతకాదా?" అంది అచ్చాయమ్మ. స్కూటరు వీధి మలుపు తిరిగాక గాని, తాను ఒప్పుకున్నదేమిటో ఆమెకు తట్టలేదు.

బయలుదేరే మనిషిని ఎక్కడికని అడగకూడదన్న పట్టింపు అన్ని ఇళ్ళలోనూ ఉన్నదే. అచ్చాయమ్మకు అది ఇంకాస్త ఎక్కువ. నలభై ఏళ్ళ కిందట కొబ్బరికాయల పడవ ఎక్కుతున్న భర్తను రేవు మెట్ల మీద నిలబడి "ఎక్కడికండీ?" అని అడిగింది. ఆయన నవ్వి చెయ్యి ఊపాడు. నాలుగో రోజున పడవ తిరిగి వచ్చింది, ఆయన రాలేదు. ఆ తరవాత ఆమె కూరలమ్మేవాణ్ణి కూడా ఎక్కడికని అడిగి ఎరగదు.

మొదటి వ్యాను వచ్చింది. డ్రైవరు ఆశీర్వాదం ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని, సెంటు వాసనతో దిగాడు.

"ఏవి ఎక్కించమంటారు మామ్మగారూ?" అన్నాడు హమాలీ అబ్బులు. "ఎక్కడికో అడగమంటారా?"

"నోరు ముయ్యి! బండెక్కబోయే మనిషిని ఆ మాట అడుగుతావా? అడగాల్సినట్టు నేనడుగుతాను."

అచ్చాయమ్మ కాఫీ తెచ్చి ఆశీర్వాదానికి ఇచ్చింది. "నాయనా, నువ్వెళ్ళేచోట నీకు భోజనం పెడతారా?"

"పెట్టకుండా పంపిస్తారా అండీ! అరిటాకేసి, గారెలూ పులిహోరా కొసరి కొసరి పెడతారు."

"చుట్టాలు బాగా ఉంటారా?"

"ఇంటినిండా జనమేనండి."

అతను చెబుతున్నది పోలవరంలో ఉన్న తన అత్తగారింటి గురించి. సరుకు దించేసి అక్కడికి వెళ్ళాలని చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. అచ్చాయమ్మకు మాత్రం కళ్ళముందు పెళ్ళిపందిరి కనిపించింది. "ఎడంపక్కవి ఎక్కించరా," అంది.

పావుగంట తరవాత రెండో వ్యాను వచ్చింది. దుర్గాసాయి అనే ఈ డ్రైవరు ప్యాంటు మడమల పైకి మడుచుకుని ఉన్నాడు. అరుగు మీద కూర్చుని, జేబులోంచి ఏదో అట్ట తీసి చూసుకుని పక్కన పెట్టి, కాఫీ అందుకున్నాడు.

"నీకు భోజనం పెడతారా నాయనా?"

"మాకెవరు పెడతారండీ? గుమ్మంలో దించేసి వచ్చేయడమే."

"పోనీ, అక్కడ బురదా?"

"మోకాల్లోతంటండి. ఫోన్ చేసి మరీ చెప్పారు."

ఇంకా అడగాల్సింది ఏముంది? బూట్లన్నీ ఆ వ్యాను ఎక్కాయి. అబ్బులు టీకని వీధి చివరికి వెళ్ళాడు. ఆ మాట అడగకుండానే పని చక్కబెట్టినందుకు తనను తాను మెచ్చుకుంటూ అచ్చాయమ్మ కాఫీ గ్లాసు తియ్యబోయింది. గ్లాసు పక్కన దుర్గాసాయి మర్చిపోయిన అట్ట ఉంది. పిల్లల వాచకాలు చూసి తనంతట తాను చదువు నేర్చుకున్న మనిషి. కూడబలుక్కుంటూ చదివింది. పెళ్ళి శుభలేఖ. ఊరు సామర్లకోట.

వ్యాను ఇంకా కాలవ వంతెన మీదే ఉంది. ఒక్క కేక వేస్తే ఆగుతుంది. అచ్చాయమ్మ నోరు తెరిచింది. వెనకనుంచి పిలవడం అడగడం కంటే పెద్ద తప్పు. నోరు మూసుకుంది. అంతలో స్కూటరు, దాని వెనక కారు వచ్చి ఆగాయి. ఆమె శుభలేఖను నడుం దగ్గర చీరలో దోపుకుంది.

"రెండు బళ్ళూ వెళ్ళిపోయాయా? వెరీ గుడ్!" అన్నాడు రమేష్ బాబు, వాచీ చూసుకుని.

"అడిగావా మామ్మా?" అంది హేమశ్రీ.

"ఆఁ... అడిగాను."

"మా మామ్మకి ఒకసారి చెబితే చాలండీ," అంది హేమశ్రీ గర్వంగా. అచ్చాయమ్మకు ఆ క్షణంలో షెడ్డు రేకులు తన మీద పడితే బాగుండుననిపించింది.

అరగంట సేపు ఆమె అరుగు మీద కదలకుండా కూర్చుంది. ఊపిరి పీల్చినప్పుడల్లా శుభలేఖ మూల గుచ్చుకుంటోంది. లోపల రమేష్ బాబు రిజిస్టరు చూసి, సంతకం చెయ్యాల్సిన కాగితం తీసి, కలం మూత కూడా తీసి, "మామ్మగారూ, కాస్త మంచినీళ్ళు ఇప్పిస్తారా?" అన్నాడు. ఆమె లేచింది. శుభలేఖ జారి సరిగ్గా ఆయన బూట్ల ముందు పడింది.

హేమశ్రీ దాన్ని చూసింది, మామ్మ మొహం చూసింది. "మామ్మా, అడిగావా?"

"లేదే," అంది అచ్చాయమ్మ. "భోజనం పెడతారా అని అడిగాను."

"ఇదెప్పుడు దొరికింది?"

"బండి వంతెన మీదుండగా."

"కేకెయ్యొచ్చు కదా!"

"వెనకనుంచి పిలవకూడదు కదే."

"పోనీ ఫోనైనా చెయ్యొచ్చుగా!"

"అదీ వెనకనుంచి పిలవడమేగా."

రమేష్ బాబు కలం మూత పెట్టేశాడు. "ఒక్క ప్రశ్న! ఒక్క ప్రశ్న అడగడం రాదు మీ ఇంట్లో! నేను చూసుకుంటాను," అంటూ ఆశీర్వాదానికి ఫోను కలిపాడు.

"సార్, ముందు వాళ్ళు ఎక్కడున్నారో, బండిలో ఏముందో అడగండి," అంది హేమశ్రీ.

"నాకు నేర్పకు. ఆశీర్వాదం! నువ్వూ దుర్గాసాయీ వెంటనే బళ్ళు మార్చుకోండి. నీది అతనికి, అతనిది నీకు. ఏంటి? ఒక్క మాటా వద్దు. చెప్పింది చెయ్యి!"

ఫోను పెట్టేసి, "ఇదీ పని చేసే పద్ధతి," అన్నాడు. అయినా సంతకం మాత్రం చెయ్యలేదు. సామర్లకోట నుంచి సరుకు అందిందని కబురొచ్చాక చూద్దామని కుర్చీ అరుగు మీదికి వేయించుకున్నాడు.

పన్నెండున్నరకు ఫోను వచ్చింది. పెళ్ళికూతురి తండ్రి పల్లంరాజుగారు. ఆయన మాట అరుగు కింద నిలబడ్డ అబ్బులుకు కూడా వినిపించింది.

"ఏమండీ, పూతరేకులని మగపెళ్ళివారి ముందు పెట్టె తెరిపించానండి. బూటు వచ్చిందండి. ఎడంకాలి బూటు! వియ్యపురాలు అలిగి గదిలో కూర్చుందండి. సాయంత్రం భోజనాలకి వచ్చేవాళ్ళ చేతుల్లో ఏం పెట్టమంటారు? రెండో కాలిదా?"

హేమశ్రీ ఆశీర్వాదానికి ఫోను చేసి, ఉదయం నుంచీ ఎవరూ అడగని మాట అడిగింది. "నీ బండిలో ఏముంది? ఎక్కడున్నావు?"

"పూతరేకులేనమ్మా. పోలవరంలో ఉన్నాను. బొబ్బర్లంకలో టీకి ఆగితే నా బండంతా నెయ్యి వాసనొచ్చింది. ఇదేదో తేడాగా ఉందని నేనూ దుర్గాసాయీ అప్పుడే బళ్ళు మార్చేసుకున్నాం. అంతా సరిపోయింది. అంతలో సారు ఫోన్ చేసి మళ్ళీ మార్చమన్నారు. చెబుదామంటే ఒక్క మాటా వద్దన్నారు. పెళ్ళివాళ్ళకి బూట్లెందుకో మరి, పెద్దాళ్ళు ఆర్డరేశారని మార్చేశాం."

ముందు తేరుకున్నది హేమశ్రీ. పక్కింటి బేబీ పిన్ని రేపటి ఆర్డరుకని చుట్టి ఉంచిన పూతరేకులు అడిగింది. పోలవరం వెళ్ళినవి సాయంత్రానికి తెచ్చి ఆమెకు ఇస్తానంది. పిన్ని ఒప్పుకుంది. ఇక్కడ వ్యాను లేదు. ఉన్నది మేనేజరుగారి కారు ఒక్కటే.

"నేనా? నేను డెలివరీకి వెళ్ళాలా?" అన్నాడు రమేష్ బాబు.

"మీరే వెళితే పెళ్ళివారికి కాస్త కోపం తగ్గుతుంది సార్."

ఆయన గొంతు తగ్గించాడు. "రిపోర్టులో ఏం రాస్తావమ్మా?"

హేమశ్రీ జవాబు చెప్పేలోగా అచ్చాయమ్మ అందుకుంది. "నా సంగతి రాయవే. అడగలేదని రాయి. అడిగానని అబద్ధమాడానని కూడా రాయి. ఆ తరవాత జరిగింది జరిగినట్టు రాయి."

ఆ తరవాత జరిగిందేమిటో అందరికీ తెలుసు. రమేష్ బాబు పెట్టెల మీద కాగితం పరిచి సంతకం చేశాడు. చేస్తున్నంతసేపూ తల ఎత్తలేదు. పూతరేకులతో నిండిన కారులో ఒదిగి కూర్చుని తాళం తిప్పాడు.

అచ్చాయమ్మ మెట్లు దిగి కారు ముందుకొచ్చి నిలబడింది. ఒకసారి మనవరాలి వైపు చూసి, కళ్ళు గట్టిగా మూసుకుని అడిగింది.

"ఎక్కడికి బాబూ?"

"సామర్లకోటండి," అన్నాడు రమేష్ బాబు, చిన్నపిల్లవాడిలా.

కారు వెళ్ళిపోయింది. అచ్చాయమ్మ అరుగు మీదే కూర్చుంది. హేమశ్రీ అన్నం కలిపి తెచ్చినా తినలేదు. పొద్దువాలే దాకా వంతెన వైపే చూస్తూ, అడిగిన మాటను వెనక్కి తీసుకునే దారి ఏదైనా ఉందా అని ఆలోచించింది.

ఏడింటికి రమేష్ బాబు క్షేమంగానే తిరిగొచ్చాడు, కారు నిండా బూట్లతో.