ఎవరి వలయం వారికే

ఆ రోజు మబ్బయ్య తెల్లవారకముందే లేచి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడు గంటలకి భార్యను వాతావరణ కేంద్రం మేడ మీదికి రప్పించాలి. ఆమెకు ఒక వింత చూపించాలి. ఆ వింత చూసిన సంతోషంలో ఆమె నోటి వెంట ఒక్క మాట వస్తే చాలు. తిట్టయినా పరవాలేదు.

కొండ మీద ఉన్న ఆ చిన్న వాతావరణ కేంద్రంలో ఆయన పరిశీలకుడు. ఎప్పుడు చూసినా తలెత్తుకుని నడుస్తాడు కాబట్టి ఊరంతా ఆయన్ని మబ్బయ్య అనేది. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వాడుకలో లేదు. భార్య ఇంటి ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని ఊళ్ళో సగం మందికి బట్టలు కుడుతుంది.

ఆమె ఆయనతో మాట్లాడి నాలుగు రోజులైంది. తప్పు ఆయనదే. కుడికంటికి శుక్లం తీయించుకున్న మర్నాడు ఆమెకు కట్టు విప్పారు. "కన్ను తెరవగానే నీకు ముందు కనిపించేది నేనే" అని ఆయన మాట ఇచ్చాడు. తీరా ఆమె కన్ను తెరిచేసరికి ఎదురుగా గోడకి తగిలించిన అగ్నిమాపక యంత్రం కనిపించింది. రెండు గంటలు ఆసుపత్రి గుమ్మంలో నిలబడి, చివరికి ఒక్కతే ఆటో ఎక్కి వచ్చింది. అప్పుడు ఆయన మేడ మీద ఉన్నాడు. ఎదురు కొండ మీద పళ్ళేలు బోర్లించి పేర్చినట్టు ఒక మబ్బు కట్టింది. అలాంటి మబ్బు చూసి ఆయనకి పదకొండేళ్ళైంది.

ఆ సాయంత్రం ఆయన సంజాయిషీ కూడా మబ్బు గురించే ఇచ్చాడు. "గాలి కొండెక్కి దిగేటప్పుడు అలలా లేస్తుంది. ఆ అల పైకి లేచిన చోట మబ్బు కడుతుంది. గాలి పోతూనే ఉంటుంది, మబ్బు మాత్రం కదలకుండా అక్కడే నిలబడుతుంది. అదీ దాని గొప్ప."

"నిలబడాలన్న బుద్ధి మబ్బుకుంది, మీకు లేకపోయింది" అంది ఆమె. అదే ఆఖరి మాట. తరవాత ఆయన అడిగినదానికల్లా కుట్టుమిషనే జవాబు చెప్పింది.

నాలుగో రోజు రాత్రి ఆమె సంచీ సర్దుకోవడం ఆయన చూశాడు. పొద్దున ఎనిమిదిన్నర బస్సుకి చెల్లెలి ఇంటికి ప్రయాణమన్న మాట. ఎన్నాళ్ళకో అడగడానికి మాటలు లేవాయె. అయితే అదృష్టం కొద్దీ ఆ రాత్రి చలి పెరిగింది, గాలి పడిపోయింది, ఆకాశం తేటగా ఉంది. పొద్దున్నే లోయ నిండా పొగమంచు పడుతుందని, మేడకి వెనకవైపు సూర్యుడు వస్తే ఆ వింత తప్పకుండా కడుతుందని ఆయన లెక్కవేశాడు.

తెల్లవారుజామున ఒక కాగితం తీసుకుని, డాక్టరు ఆమెను సన్న అక్షరాలు చదవొద్దన్నాడు కదాని లావు మార్కరుతో, చిన్నపిల్లలు దిద్దినట్టు ఒక్కో అక్షరం విడదీసి రాశాడు. "తప్పు నాదే. నీతో మాట లేకుండా ఉండలేకపోతున్నాను. ఏడింటికి ఆఫీసు మేడ మీదికి రా. నీ తల చుట్టూ రంగుల వలయం చూపిస్తాను. నీకు ఇవ్వడానికి నా దగ్గర ఇంతకన్నా ఏమీ లేదు." సంతకం పెట్టలేదు. భార్యకి రాసే కాగితం మీద సంతకం ఎవరు పెడతారు? దీపం వేస్తే ఆమెకు మెలకువ వస్తుందని చీకట్లోనే తడుముకుంటూ, మిషను మీద మడతపెట్టి ఉన్న ఆమె బూడిదరంగు ఉన్ని శాలువాలో దాన్ని దూర్చి వెళ్ళిపోయాడు.

అది శాలువా కాదు. లోపలి లైనింగు మార్చడానికి వచ్చిన పెద్దసారు కోటు.

పెద్దసారంటే ఆ కేంద్రానికి అధికారి. భార్య పోయి తొమ్మిదేళ్ళైన మనిషి. ఆరున్నరకి జీపు డ్రైవరు వచ్చి కోటు తీసుకెళ్ళి ఆయనకిచ్చాడు. ఆయన తొడుక్కుంటుంటే చంకలోంచి కాగితం జారింది. చదివి కుర్చీలో కూర్చుండిపోయాడు. ఆఫీసులో ఆయనతో మాట్లాడని మనిషి ఒక్కరే ఉన్నారు. టైపిస్టు. ఆమె సెలవు చీటీ మూడుసార్లు తిప్పి పంపించాడు, వారం రోజులుగా ఆమె కాగితాలు బల్ల మీద పడేసి పోతోంది తప్ప పెదవి విప్పడం లేదు. రాసింది ఆమే అయ్యుంటుంది. అందులోనూ "నువ్వు" అని రాసింది. భార్య పోయాక ఆయన్ని నువ్వు అన్నవాళ్ళు లేరు. ఆయన మళ్ళీ లేచి తల దువ్వుకున్నాడు.

ఏడింటికి మబ్బయ్య మేడ మీద నిలబడి మెట్లవైపు చూస్తున్నాడు. పిట్టగోడకి పది బారల అవతల పొగమంచు తెల్లటి తెరలా నిలబడి ఉంది. మెట్ల మీద అడుగుల చప్పుడైంది. వచ్చింది పెద్దసారు.

"మీరు కిందికెళ్ళి బారోమీటరు చూడండి" అన్నాడు ఆయన, మబ్బయ్య ముఖంలోకి చూడకుండా.

"ఇప్పుడే చూశానండి."

"మళ్ళీ చూడండి. ఒత్తిడి మారుతున్నట్టు నాకు అనిపిస్తోంది."

మబ్బయ్య దిగి, చూసి, ఎక్కాడు. "మారలేదండి."

"అయితే మారేదాకా చూడండి" అన్నాడు పెద్దసారు.

మబ్బయ్య బారోమీటరు ముందు కూర్చుని, కిటికీలోంచి వీధివైపు చూస్తూ ఉండిపోయాడు. ఆమె రాలేదు. ఏడుంపావైంది. ఇంక రాదని ఆయనకి అర్థమైంది. అర్థమైనా చూడడం మానలేదు.

పైన పెద్దసారు పిట్టగోడ దగ్గరికి వెళ్ళి మంచులోకి చూశాడు. తన నీడ ఆ తెర మీద ఇంత పొడుగున పడింది. ఆ నీడ తల చుట్టూ లోపల నీలం, అంచున ఎరుపు, గుండ్రంగా, గీత గీసినట్టు వలయం. ఆయన కోటు గుండీలు పెట్టుకుని చేతులు కట్టుకున్నాడు. అంతలో నాలుగోసారి సెలవు చీటీ పట్టుకుని టైపిస్టు ఆయన్ని వెతుక్కుంటూ పైకి వచ్చింది.

"మీరు రాసింది చదివాను" అన్నాడు పెద్దసారు మెల్లగా.

"చదివారా సార్? ఏమంటారు మరి?"

"ఇంత చక్కగా నాకెవరూ రాయలేదు."

టైపిస్టు అనుమానంగా చూసింది. "అందరూ అలాగే రాస్తారు కదా సార్. ఫార్మాటు అదే."

"మీకు అలా అనిపిస్తుంది. నాకు మాత్రం..." ఆయన కోటు కాలరు సర్దుకున్నాడు. "తప్పు మీది కాదు, నాది."

"అయితే మంజూరేనా సార్?"

"మంజూరే."

"పది రోజులూనా?"

"పదేమిటి, ఎన్నాళ్ళైనా" అన్నాడు పెద్దసారు. ఆ మాటకి ఆమె గోడ పట్టుకుంది. పట్టుకుని మంచువైపు చూసింది. తన నీడ తల చుట్టూ రంగుల వలయం కనిపించింది. పక్కన నాలుగడుగుల దూరంలో పెద్దసారు నీడ మామూలుగా, బోసిగా ఉంది. ఆయన సెలవు ఎందుకిచ్చాడో ఆమెకు అప్పుడు బోధపడింది. పాపం, తనకి వలయం రాలేదని ఆయన బాధపడతాడేమోనని ఆమె ఆ సంగతి ఎత్తలేదు. ఆమె తలకి రాలేదని పెద్దసారూ ఎత్తలేదు. ఒకరి మీద ఒకరు జాలిపడుతూ ఇద్దరూ చాలాసేపు నిలబడ్డారు.

"జీపు సిద్ధం సార్" అంటూ అప్పుడే డ్రైవరు వచ్చాడు. పెద్దసారు చూస్తున్న వైపే తనూ చూశాడు. తన నీడ తల చుట్టూ వలయం ఉంది. తల వెనక వలయం ఉన్నవాళ్ళని అతను చాలామందిని చూశాడు, కానీ అందరినీ పటాల్లోనే. వాళ్ళలో ఒక్కరూ బతికి లేరు.

"ఇవాళ నేను బండి ముట్టుకోను సార్" అని తాళాలు పిట్టగోడ మీద పెట్టి కిందికి దిగిపోయాడు. పోయేలోపు ఎవరికైనా చేసిన అన్యాయం ఉంటే ఒప్పుకోవాలని అతని ఆరాటం. ఆలోచించగా మొదట గుర్తొచ్చింది మబ్బయ్య భార్య.

ఆమె కొండ కింద బస్సు స్టాపులో బెంచీ మీద కూర్చుని ఉంది. డ్రైవరు నూటపాతిక మెట్లు దిగి వచ్చి ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అక్కా, పోయినేడు నా ప్యాంటు జేబు నువ్వు సరిగ్గా కుట్టలేదని అందరితో చెప్పాను. కాదక్కా. మేకుకి తగిలించుకుని నేనే చింపుకున్నాను. మనసులో పెట్టుకోకు."

"ఇప్పుడెందుకురా ఆ గొడవ?"

"ఇంక టైము లేదక్కా. మేడ మీద... తల చుట్టూ వెలుగొచ్చేసింది. నా కళ్ళారా చూశాను."

"ఎవరి తల చుట్టూ?"

తన పేరు తనే చెప్పుకోవడానికి అతనికి నోరు రాలేదు. మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. "ఎవరని చెప్పనక్కా. ఇరవై ఏళ్ళ సర్వీసు. ఎవరి జోలికీ పోని మనిషి."

మేడ మీద, ఇరవై ఏళ్ళ సర్వీసు, ఎవరి జోలికీ పోని మనిషి. ఆమె దిగ్గున లేచింది. సంచీ బెంచీ మీదే వదిలేసి మెట్లెక్కడం మొదలుపెట్టింది. నెలరోజులు వంగొద్దని, బరువెత్తొద్దని, ఆయాసపడొద్దని డాక్టరు చెప్పిన మాటల్లో మూడోది ముప్పయ్యో మెట్టు దగ్గరే పోయింది.

మబ్బయ్య కిటికీలోంచి ఆమె వస్తుండడం చూశాడు. బారోమీటరును దాని ఖర్మకు వదిలేసి ఒక్క పరుగున మేడెక్కాడు. ఆమె కూడా పైకి వచ్చి, పెద్దసారునీ టైపిస్టునీ దాటుకుని నేరుగా ఆయన చెయ్యి పట్టుకుంది. నుదురు తాకింది. గుండె మీద చెయ్యి వేసి చూసింది.

"ఏమైంది మీకు?"

"నాకా? ఏమీ కాలేదే."

"కళ్ళు తిరిగాయా? పడిపోయారా? ఏదో వెలుగొచ్చిందట."

"లేదు. బాగానే ఉన్నాను."

"బాగానే ఉంటే మరి నన్ను ఈ మెట్లన్నీ ఎందుకు పరిగెత్తించారు? నాలుగు రోజులు మాట్లాడకపోతే ఇలాగేనా చేసేది? ఏదైనా అయివుంటే నేనేం కావాలి?" అంటూ ఆమె ఆగకుండా తిట్టింది. తను పరిగెత్తించలేదని ఆయనకి తెలుసు. చెప్పలేదు. నాలుగు రోజుల మాటలన్నీ ఒక్కసారిగా వస్తుంటే మధ్యలో అడ్డుపడడం ఎందుకని వింటూ నిలబడ్డాడు.

తిట్టి తిట్టి అలిసి, ఊపిరి తీసుకోవడానికి ఆమె పిట్టగోడవైపు తిరిగింది. తిరిగి, ఉన్నట్టుండి ఎడమకన్ను మూసి చూసింది. తరవాత కుడికన్ను మూసి చూసింది.

"ఏమండీ, నా ఆపరేషన్ చెడిపోయింది. నా నీడ తల చుట్టూ ఏవో రంగులు కనిపిస్తున్నాయి."

"మీకూనా?" అన్నాడు పెద్దసారు.

"మీకూ అంటే ఏమిటి సార్?" అంది టైపిస్టు. "ఉన్నది నాకు కదా?"

మెట్లెక్కి వచ్చిన అక్కకి కాస్త మంచినీళ్ళైనా ఇద్దామని వెనకే వచ్చిన డ్రైవరు మెట్ల దగ్గరే ఆగిపోయాడు. "అయితే అందరం పోతామా?" అన్నాడు.

మబ్బయ్య నలుగురినీ మార్చి మార్చి చూశాడు. పొద్దుటి నుంచీ జరిగిందేమిటో ఆయనకి అప్పటికీ సగమే తెలిసింది, కానీ ఆ సగానికి జవాబు ఆయన దగ్గర ఉంది.

"ఎవరూ పోరు. ఆపరేషనూ చెడలేదు" అన్నాడు. "మంచులో నీటి బిందువులుంటాయి, కంటికి ఆననంత చిన్నవి. వెనక నుంచి పడిన ఎండని అవి వచ్చిన దారినే తిప్పి పంపిస్తాయి, రంగులు విడదీసి మరీ. వెనక సూర్యుడు, మధ్యలో మన తల, ముందు తల నీడ. మూడూ ఒక్క గీత మీద ఉంటాయి. అందుకే తిరిగొచ్చే రంగులు ఎవరి నీడ చుట్టూ వాళ్ళకే కనిపిస్తాయి. పక్కవాడి వలయం పక్కవాడికే. మనకి అతను ఉత్త నీడ."

పెద్దసారు జేబులోంచి కాగితం తీసి టైపిస్టుకి చూపించాడు. "మరి ఇది మీరు రాసింది కాదా?"

"కాదు సార్. నేను రాసింది సెలవు చీటీ." ఆమె చదివింది. చదివాక ముఖం పక్కకి తిప్పుకుని, "కానీ మీరు మంజూరన్నారు, అది మంజూరే" అంది. మాటలో వారం నాటి కోపం లేదు.

పెద్దసారు చెవులు ఎర్రబడ్డాయి. "అలాగేనండి. వెళ్ళొచ్చాక మాత్రం... కాస్త మాట్లాడుతుండండి" అన్నాడు.

కాగితం చేతులు మారి కుట్టుపని ఆవిడ దగ్గరికి వచ్చింది. కొత్త కంటికి దగ్గరగా పెట్టుకుని, ఆ లావు అక్షరాలన్నీ ఒక్కొక్కటిగా చదువుకుంది. రెండోసారి కూడా చదువుకుంది.

"మిషను మీద పెట్టాను" అన్నాడు మబ్బయ్య. "శాలువాలో అనుకున్నాను."

"నా శాలువా నా మీదే ఉంది. రాత్రంతా కప్పుకునే పడుకున్నాను. పక్కనున్న మనిషిని కూడా చూడరా?"

"చీకట్లో..."

"సరేలెండి." ఆమె మళ్ళీ మంచువైపు చూసింది. "అంచున కుంకుమరంగు. దాని లోపల పసుపు, ఆ లోపల ఆకుపచ్చ, అన్నిటికన్నా లోపల నీలం. ఎడమకంటికి అంతా ముతక గోధుమరంగే. ఆరేళ్ళుగా దారం రీలు చేత్తో తడిమి రంగు ఊహించుకుంటున్నాను తెలుసా?"

ఆయనకి తెలియదు. ఆకాశంలో ఏ రంగు ఎన్నింటికి మారుతుందో చెప్పగలిగిన మనిషికి అది తెలియదు. తల దించుకున్నాడు.

"ఇప్పుడు మీకు నేను ఎలా కనిపిస్తున్నాను?" అంది ఆమె.

"అక్కడా? ఉత్త నీడలా."

ఆమె రెండడుగులు పక్కకి జరిగింది. ఇంకో అడుగు వేసి, తలను ఆయన భుజానికి చేర్చింది. "ఇప్పుడు?"

మబ్బయ్య చూశాడు. మంచు మీద రెండు తలల నీడలు కలిసిపోయి ఉన్నాయి. వాటి చుట్టూ ఒకటే వలయం ఉంది.

"ఇద్దరం లోపలే ఉన్నాం" అన్నాడు.

"నాకూ అలాగే ఉంది" అంది ఆమె. కింద ఎనిమిదిన్నర బస్సు హారన్ కొట్టుకుని వెళ్ళిపోయింది.

మిగిలిన ముగ్గురూ గోడ పొడుగునా ఎవరి చోట వాళ్ళు నిలబడి, మబ్బయ్య చెప్పిన శాస్త్రాన్ని శ్రద్ధగా ఆలోచించారు. మిగతా ఇద్దరివీ ఉత్త నీటి బిందువులేనని ప్రతి ఒక్కరూ మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారు.