ఒకే ప్లగ్గు, అడ్డుగోడ

“లోకంలోని కరెంటు కార్లన్నీ ఇకమీదట ఒకే ప్లగ్గుతో బతకాలి” అని మావారు సభలో ప్రకటించి ఇంటికొచ్చేసరికి, మా కార్ల షెడ్డు మధ్య గోడ కట్టాలా వద్దా అన్న తగువు మూడోవారంలో పడింది.

మావారిది ఒక కార్ల కంపెనీ. మేడమీద ఉండే బావగారిది దాని పోటీ కంపెనీ. షెడ్డులో రెండు కార్లు, రెండు ఛార్జింగు పెట్టెలు. ఒకదాని మూతి ఇంకోదానికి పట్టదు. కంపెనీలు రాజీపడి, ఇకపై అందరూ బావగారివాళ్ళ ప్లగ్గే వాడాలని తీర్మానించాయి. అన్నదమ్ములు ఒకే వేదికమీద చేతులు కలిపి ఫొటో దిగారు.

“మరి గోడెందుకండీ?” అన్నాను.

“సభ సభే, షెడ్డు షెడ్డే. వాళ్ళ వైరు మనవైపు పాకితే నా పరువేం కావాలి?”

పరువు సంగతి నాకు తెలియదు గానీ, నా భయం వేరు. మా పెట్టె వానాకాలంలోనే కాలిపోయింది. కారు నడపడం ఆయన వంతు, ప్లగ్గు పెట్టడం నా వంతు కనుక ఆ కబురు ఆయనదాకా వెళ్ళలేదు. చెబుదామని నోరు తెరిచినప్పుడల్లా ఆయన తమ ప్లగ్గు ఘనతమీద ఉపన్యాసం సాధన చేస్తూ ఉండేవారు. తోటికోడలు ఎక్కడినుంచో వాళ్ళ ప్లగ్గు మా కారుకి పట్టేలా చేసే ఒక అడాప్టర్ తెచ్చిపెట్టింది. అప్పట్నుంచీ బావగారి పెట్టె పాలు మా కారు తాగుతోంది. గోడ లేస్తే మా కారు లేవదు. వచ్చేవారం అత్తగారికి కంటి ఆపరేషను. బావగారి కారు ఎత్తు. ఆవిడ మోకాళ్ళకి లొంగేది మాదొక్కటే.

మర్నాడు మేస్త్రీ చెప్పిన వేళకంటే ముందే వచ్చాడు. మేస్త్రీల చరిత్రలో ఇదే మొదటిసారి అయ్యుంటుంది. వైరు తీసే వ్యవధి నాకు దొరకలేదు. గోడ వరసకి అతను లాగిన దారం ఆ వైరు దగ్గర ఆగింది.

“అయ్యా, పెట్టె వాళ్ళది, కారు మీది. ఈ వైరుమీదనుంచి కట్టమంటారా, కిందనుంచా?”

ఇల్లంతా షెడ్డులోకి దిగింది. నేను ఉన్నమాట చెప్పేశాను.

మావారు వంగి ఆ వైరు చూశారు. “మా ప్లగ్గుకి వీడ్కోలు చెబుతూ, దాంతో నా కారు ఏడాదిగా ఒక్కరోజూ ఆగలేదని నిన్ననే మైకులో చెప్పానే.”

“ఆగలేదుగా మరిదిగారూ” అంది తోటికోడలు.

బావగారు నవ్వు ఆపుకోలేకపోయారు. “అంటే మా తమ్ముడి కారు ఇన్నాళ్ళూ...”

“మీరు నవ్వకండి. ఆ అడాప్టర్ మీ బీరువాలోదే. బయటపెడితే వాళ్ళ ప్లగ్గుకి దణ్ణం పెట్టినట్టేనని చొక్కాల కింద దాచారుగా” అని తోటికోడలే ఆయన్ని ఆపింది.

ఇటుకల కుప్పమీద కూర్చుని అంతా విన్న అత్తగారు గొంతు పెంచలేదు.

“గోడ వద్దులే మేస్త్రీ. ఈ ఇటుకలతో రెండు కార్ల మధ్య నాకో మెట్టు కట్టు. ఏది కదిలితే అది ఎక్కుతాను.”