మీ భయం నాకు అర్థమవుతోంది

"యుద్ధంలో చితికిపోయిన కుటుంబాలకు ధైర్యం నూరిపోయడం కంటే మహత్తర కార్యం ఈ భూమ్మీద లేదు!" అని శిక్షకుడు ప్రకటించగానే హాలు చప్పట్లతో దద్దరిల్లింది. అమ్మ మాత్రం కొట్టలేదు. ఆవిడ కళ్లన్నీ నెత్తిమీద ఊగుతున్న ఫ్యాను మీదే ఉన్నాయి.

నిజానికి ఫ్యానును మించిన గండం పక్కనే కూర్చుని ఉంది, కూతురి రూపంలో. మనసు చెదిరినవాళ్లకు ఊరటనిచ్చే ఉద్యోగం ఆ పిల్లది. శిక్షణ కాగానే బాంబులు పడే దేశానికి ప్రయాణం. అమ్మ 'సరే' అంటేనే కదులుతానని మాటిచ్చింది. ఆ ఒక్క ముక్క కోసమే అమ్మను వెంటబెట్టుకొచ్చింది.

శిక్షకుడి పంట పండింది. ఇంత నికార్సయిన భయం వెతికినా దొరకదంటూ ఆవిణ్ణి హాలు మధ్యలో, అదే ఫ్యాను కింద కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. అందరూ ఆవిడ మీద సాధన చేయాలి. సలహాలివ్వకూడదు. మెడ కాస్త వాల్చి, "మీ భయం నాకు అర్థమవుతోంది" అనాలి.

ఒక్కొక్కరే వచ్చారు. ఫ్యాను ఊడిపడేలా ఉందని అమ్మ మొరపెట్టుకుంది. మెడ వాల్చి, అర్థమవుతోందన్నారు. పోనీ కుర్చీ జరుపుకోనా అంది. అదీ అర్థమవుతోందన్నారు.

చివరికి కూతురి వంతు వచ్చింది.

"అమ్మా, నీ భయం నాకు అర్థమవుతోంది."

"అర్థమైతే మానెయ్యవే."

కూతురి మెడ వాలింది వాలినట్టే ఉండిపోయింది. శిక్షకుడు అందుకున్నాడు. "కన్నవాళ్లు గుండె రాయి చేసుకోవాలి అమ్మగారూ. మా అమ్మను చూడండి, నన్ను నవ్వుతూ సాగనంపుతుంది."

అమ్మకు సిగ్గేసింది. ఆ మహాతల్లి ముందు తనెంత పిరికిదో అనుకుంది. 'సరే' అనబోయింది కూడా.

అంతలో శిక్షకుడి ఫోను మోగింది. చొక్కాకు తగిలించుకున్న మైకు సంగతి మరిచి ఆయన వరండాలోకి పరిగెత్తాడు. ఆయన గొంతు మాత్రం హాల్లోనే ఉండిపోయింది.

"లేదమ్మా, నీమీద ఒట్టు, నేనెక్కడికీ వెళ్లను. ఇన్నేళ్లలో ఎప్పుడైనా వెళ్లానా? వెళ్లేది వీళ్లేనమ్మా. ఏడవకు, భోజనానికి వచ్చేస్తున్నా."

ఆయన తిరిగొచ్చేసరికి హాల్లో అందరి కళ్లూ ఆయన చొక్కాకున్న మైకు మీదే ఉన్నాయి. మాడిపోయిన ముఖంతో మైకు తడుముకున్నాడు. అమ్మ లేచింది. తన కుర్చీని ఫ్యాను కిందినుంచి పక్కకు లాగి, ఆయన్ని అందులో కూర్చోబెట్టింది. మెడ కాస్త వాల్చింది.

"మీ భయం నాకు అర్థమవుతోంది నాయనా. మీ అమ్మగారి నంబరు కాస్త ఇస్తారా? మిమ్మల్ని ఇన్నేళ్లు ఎలా ఆపారో కనుక్కుంటాను."