ఎడమ కాలిలో పెరుగుతున్నది

పదిన్నర బస్సుకు జగిత్యాల వెళ్లి, కుడి మోకాలి ఎక్స్‌రే పెద్ద డాక్టరుకు చూపించి, భోజనం వేళకు కోరుట్ల తిరిగి రావాలని రాజనర్సు అనుకున్నాడు. ఆయన రిటైరైన బస్సు కండక్టరు. పొద్దున్నే ఎక్స్‌రే సెంటరు నుంచి కవరు తెచ్చుకుని, ఇంట్లో కూర్చుని తెరిచాడు.

ఫిల్మును కిటికీకి ఎదురుగా పట్టాడు. తెల్లటి ఎముక, దాని కొసన విడిగా ఒక ముక్క. రెండింటి నడుమ సన్నటి నల్లని సందు, లోపలి నుంచి ఎవరో తలుపు ఓరగా తెరిచినట్టు. వెంట ఒక చీటీ ఉంది: "ఎడమ కాలు. ఎముక కొసలు ఇంకా అతుక్కోలేదు. వయసు ఆరు నెలలు. ఇంకా పెరుగుతుంది. ఇప్పుడే కోయవద్దు."

"నొప్పి కుడికాలుకు గదయ్యా?" అంది భార్య బాలమణి.

"గదే చెప్తున్న. ఎడమ దాంట్ల ఏదో పెరుగుతాంది. దానికి ఆరు నెలలట. అది బలం గుంజుకుంటేనే కుడిది నొస్తాంది."

"ఏం పెరుగుతాంది?"

ఆయన ఎడమ కాలు కదిపి చూశాడు. అప్పుడే ఎడమ మోకాలు కటుక్కుమంది. బాలమణి రెండడుగులు వెనక్కి వేసింది.

పక్కింటి దర్జీ ఫిరోజ్ టేపుతో వచ్చి రెండు కాళ్లూ కొలిచాడు. "నర్సన్నా, ఎడమది అంగుళమున్నర ఎక్కువుంది," అన్నాడు గొంతు తగ్గించి. నొప్పితో రాజనర్సు కుడి మోకాలు ఏడాదిగా పూర్తిగా చాపలేకపోతున్నాడన్న సంగతి ఎవరికీ తట్టలేదు. మళ్లీ కొలిచేసరికి ఆయన భయంతో ఆ కాలు ఇంకా ముడిచాడు. రెండంగుళాలు వచ్చింది.

"యా అల్లా! గిప్పుడే పెరిగింది!" ఫిరోజ్ టేపు వదిలేసి బయటికి నడిచాడు.

బస్సు వెళ్లిపోయింది. మబ్బు కమ్మి గదిలో వెలుతురు తగ్గింది. వాడకట్టు వాళ్లు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయారు. "దానికి ఆకలైతదేమో, ఏమన్న పెట్టుండ్రి," అంది ఎదురింటి లింగవ్వ మెల్లగా. బాలమణి గిన్నెడు పెరుగన్నం తెచ్చి ఎడమ కాలి పక్కన పెట్టింది. అందరూ ఊపిరి బిగబట్టి గిన్నెనే చూశారు. రాజనర్సుకు చర్మం కింద ఏదో మెల్లగా పక్కకు ఒత్తిగిలినట్టు అనిపించింది.

ఇంతలో ఒక అమ్మాయి కవరు పట్టుకుని గుంపును తోసుకుంటూ వచ్చింది.

"అంకుల్, మా పంది మీ దగ్గరికి అచ్చిందా?"

గుమ్మంలో సగం మంది పరుగెత్తారు.

ఆమె పేరు ప్రణీత, పశువైద్యం చదువుతోంది. కథలాపూర్ దగ్గరి ఫారంలో పంది పిల్లల కాళ్లకు ఎక్స్‌రేలు తీసి, ఇక్కడి సెంటరులో ప్రింటు చేయించింది. ఎముక కొసలు అతుక్కుంటే పంది ఎదిగినట్టు, సందు ఉంటే ఇంకా పిల్లే, అప్పుడే మాంసానికి కోయరు. సెంటరులో కవర్ల లోపలివి తారుమారయ్యాయి; అక్కడ అడిగితే రాజనర్సు ఇల్లు చెప్పారు.

"అంటే నా కాలుల ఏం లేదా బిడ్డా?"

"ఏం లేదు అంకుల్."

రాజనర్సు గట్టిగా నవ్వి, ఆ పెరుగన్నం తానే తినేశాడు. తర్వాత ఆమె తెచ్చిన కవరు విప్పాడు. అందులోని చీటీ ఇలా ఉంది: "కుడి మోకాలు పూర్తిగా అరిగిపోయింది. ఆలస్యం చేయక కోయాలి."

ఆయన రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి చూశాడు. చివరికి, "ఆ పంది చీటీ నాకే ఉంచరాదు బిడ్డా?" అన్నాడు.

మరుసటి సోమవారం రాజనర్సుకు ఆపరేషన్ జరిగింది. పందికి మాత్రం ఇంకో నాలుగు నెలల గడువు దొరికింది.