నూట పదో విద్యార్థి

మా మెస్కిట్ బెండ్ హైస్కూలు చివరి తరగతిలో పదకొండో ర్యాంకు వచ్చిన లోరీన్ హ్రుష్కా చదువుకు పనికిరాదని తేలిపోయింది. పదో ర్యాంకు కుర్రవాడు మేధావి. ఇద్దరికీ తేడా ఒక మార్కులో పదో వంతు. మా టెక్సస్‌లో విశ్వవిద్యాలయం స్కాలర్‌షిప్పు తరగతిలో మొదటి పది శాతానికే. తరగతిలో ఉన్నది నూట నలుగురు. ఆ లెక్కన మేధావులు పదిమందికి మించడానికి వీల్లేదు.

లోరీన్ తండ్రి వర్జిల్ ట్రాక్టర్లు అమ్ముతాడు. స్కాలర్‌షిప్పు రాకపోతే ఆమె కాలేజీ మాట మరిచిపోవాల్సిందే. కూతుర్ని పైకి లాగడం కన్నా తరగతిని కిందికి పొడిగించడం తేలికని ఆయన భోజనం ముగిసేలోపే కనిపెట్టాడు. ఇంకో ఆరుగురు చేరితే నూట పది. అప్పుడు పదకొండో ర్యాంకూ మేధావే.

“చేర్చుకుంటాను గానీ వర్జిల్, వాళ్లు పొరపాటున కూడా చదవకూడదు,” అంది ర్యాంకులు చూసే ఓపల్ టిడ్వెల్ మేడమ్.

వయసు నిబంధనను స్కూలు బోర్డు ఏకగ్రీవంగా చదవకుండా వదిలేసింది. వారానికోసారి పొగలో కాల్చిన గొడ్డుమాంసం పెడతానన్న హామీపై ఇద్దరు పశువుల కాపర్లు, పెట్రోలు బంకు ఆవిడ, జైలు కాపలాదారు, వర్జిల్ అత్తగారు చేరారు. ఆరోవాడు మెకానిక్ డ్వేన్ ప్రూయిట్, నలభై ఒక్కేళ్లవాడు. ఒకే తరగతి రెండుసార్లు తప్పి బడి మానేసినవాడు. అర్హతలో అతనికి సాటి లేరు.

స్వాగత సభలో ప్రిన్సిపాల్ గారు గద్గదస్వరంతో, “ఒకరు పైకెక్కాలంటే కింద నిలబడేవాళ్లు కావాలి. ఈ ఆరుగురూ మన విద్యకు పునాది. పునాది కదలకూడదు,” అన్నారు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. అత్తగారు కళ్లు తుడుచుకుంది.

పునాది కదిలింది. పాత మార్కుల కాగితాలు ఎలుకలు కొట్టేయడంతో చేరినవాళ్లకు ఈ ఏడాది మార్కులే లెక్కించారు. డ్వేన్‌కు పదకొండో ర్యాంకు వచ్చింది. లోరీన్‌కు పన్నెండు.

వర్జిల్ తిన్నగా డ్వేన్ మెకానిక్ షెడ్డుకు వెళ్లాడు. “నీకు అన్నేసి ముక్కలు పెట్టింది దేనికిరా?”

“ఫెయిలవడానికే అన్నా. కానీ ఫెయిలైనవాణ్ణి శుక్రవారం స్కూలు జట్టులో ఫుట్‌బాల్ ఆడనివ్వరు కదా. ఇరవై నాలుగేళ్ల కింద అందుకే నన్ను జట్టులోంచి తీసేశారు. గట్టెక్కితే చాలని మీ అమ్మాయి దగ్గర లెక్కలు చెప్పించుకున్నా.”

“గట్టెక్కి ఆగొచ్చుగా?”

“ఆ పిల్ల చెప్తుంటే ఎక్కడ ఆపాలో తెలీలేదన్నా.”

బోర్డు అత్యవసరంగా సమావేశమై, చదివిన నేరానికి డ్వేన్‌ను బహిష్కరించింది. ఓపల్ మేడమ్ వేళ్ల మీద లెక్కబెట్టింది. డ్వేన్ పోతే మిగిలేది నూట తొమ్మిది, మళ్లీ పదిమందే. ఉంటే లోరీన్ పన్నెండు. ఆ పూటే బహిష్కరణ రద్దయింది. డ్వేన్‌ను ఉంచుకుని, అతనికి వచ్చిన చదువును మాత్రం వెనక్కి తీసుకోవడానికి ఉపసంఘం వేశారు.

వర్జిల్ ఉపసంఘాన్ని నమ్ముకోలేదు. తరగతిని నూట ఇరవై చేయడానికి మరో పదిమందిని వెతుకుతూ నిన్న మా ఇంటికీ వచ్చాడు. తలుపు దగ్గర అప్పటికే పదమూడో ర్యాంకు పిల్లవాడి తండ్రి నిలబడి ఉన్నాడు.

“పుస్తకం గానీ ముడతావా?” అని అడిగాడు వర్జిల్.

“ఆ అలవాటు లేదు,” అన్నాను. ఇద్దరూ నా చేతులు పట్టుకున్నారు.

ఇంతకీ లోరీన్ కాలేజీలో ఏం చదవాలనుకుంటోందో మా ఊళ్లో ఎవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు. ఇంతసేపూ ఆమె ర్యాంకు లెక్కపెడుతూ వచ్చిన మీరూ అడగలేదు.